పద్నాలుగు పాయింట్లు ఎక్కడ పోయాయి?

ఇంట్లో బీరు కాచే అలవాటున్నవాళ్లను ఎవర్నైనా ‘ఈసారి ఎలా వచ్చింది?’ అని అడిగి చూడండి. రుచి గురించి చెప్పరు. ముందు ఒక నంబర్ చెప్తారు. ‘వన్ పాయింట్ ఓ ఫైవ్ టూ’ అంటారు. వినేవాడికి కూడా అదే పిచ్చి ఉంటే ‘అబ్బ, బాగుంది’ అంటాడు. అదే ఆ నంబర్ తక్కువొచ్చిందనుకోండి, మొహం చూడక్కర్లేదు, గొంతులోనే తెలిసిపోతుంది. రెండు మార్కుల్లో ఫస్ట్ క్లాస్ పోయినవాడి గొంతు అది.

ఆ నంబర్ పేరు ఒరిజినల్ గ్రావిటీ. అది తక్కువ వస్తే ఎక్కడ వెతకాలన్నదే ఈ కథ.

ముందే చెప్తున్నా, ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. మన దగ్గర లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. నేనుండేది అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్ పక్కన బీవర్టన్‌లో. ఇక్కడ 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో సొంతానికి బీరు కాచుకోవడానికి ఫెడరల్ అనుమతి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100. అమ్ముకోకూడదు, అంతే. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు.

లాక్టోమీటర్‌కు అన్నయ్య

పాలవాడు నీళ్లు కలిపాడేమోనని లాక్టోమీటర్ ముంచి చూడటం మీరు చూసే ఉంటారు. హైడ్రోమీటర్ కూడా అలాంటిదే. కింద బరువున్న గాజు గొట్టం, పైన సన్నటి కాడ, కాడలో అంకెల కాగితం. ద్రవం చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, పల్చగా ఉంటే మునుగుతుంది. మంచినీళ్లలో 1.000 చూపిస్తుంది. బార్లీ తీపినీళ్లలో 1.050 చూపిస్తే, అవి నీళ్లకంటే ఐదు శాతం బరువన్నమాట. మేం ఆ చివరి రెండంకెలనే పట్టుకుని ‘యాభై పాయింట్లు’ అంటాం.

ఈస్ట్ వేయకముందు తీసే రీడింగ్ ఒరిజినల్ గ్రావిటీ. ఈస్ట్ ఆ తీపి తిని, ఆల్కహాల్‌గా మార్చి, ఇక చాలనుకున్నాక తీసేది ఫైనల్ గ్రావిటీ. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. 1.052 దగ్గర మొదలై 1.011 దగ్గర ఆగితే ఇంచుమించు 5.4 శాతం.

ఈ గాజు గొట్టాన్ని తక్కువ చేసి చూడకండి. ఇంగ్లండ్‌లో 1784లో జాన్ రిచర్డ్‌సన్ అనే ఆయన దీని గురించి పుస్తకం రాశాకే కాచేవాళ్లకు తమ సరుకు లెక్క తెలిసింది. అప్పటిదాకా చవగ్గా వస్తోందని ముదురు రంగు మాల్ట్ కొనేవాళ్లు. ముంచి చూస్తే, అంతకంటే ఖరీదైన లేత రంగు మాల్ట్‌లోంచే తీపి చాలా ఎక్కువ వస్తోంది, లెక్కేస్తే అదే చవక. తర్వాత 1880లో గ్లాడ్‌స్టన్ బీరు మీద పన్నును ఏకంగా ఈ ఒరిజినల్ గ్రావిటీకే ముడిపెట్టాడు. అంటే ఒకప్పుడు ఈ నంబర్ కోసం సర్కారు మనిషి కాచే చోటికి వచ్చి నిలబడేవాడు. మా అపార్ట్‌మెంట్‌లో మాత్రం మేమిద్దరమే నిలబడేవాళ్లం.

ఒకే ఇన్‌పుట్, రెండు అవుట్‌పుట్లు

ఇద్దరం అంటే నేనూ, మా రూమ్మేటూ. నాది జగిత్యాల దగ్గర, వాడిది తెనాలి. హైదరాబాద్‌లో ఒకే కాలేజీలో ఇంజినీరింగ్. ఇక్కడ ఒకే యూనివర్సిటీలో ఎమ్మెస్. ఉద్యోగాలు కూడా పది నిమిషాల దూరంలోనే. పరీక్షల్లో వాడికి నాకంటే ఎప్పుడూ రెండు మార్కులు ఎక్కువే.

ఇక్కడ చదువు అయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి మా బ్రాంచి వాళ్లకు మూడేళ్లు ఇస్తారు. ఆ మూడేళ్లలో హెచ్‌వన్‌బీ రావాలి. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. అడిగేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. నా పేరు రెండోసారికి వచ్చింది. వాడిది మూడుసార్లూ రాలేదు. గడువు అయిపోయాక సర్దుకోవడానికి 60 రోజులు. జూన్ మొదటివారంలో ఆ అరవై మొదలయ్యాయి.

ఇంట్లో ఆ రోజుల్లో మాటలు తగ్గిపోయాయి. నేను ఏమన్నా ‘నీకేం, నీకొచ్చింది’ అన్నట్టు వినిపిస్తుందేమోనని నాకు భయం. వాడు ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. కానీ ఒకరోజు రాత్రి ఫోన్లో వాళ్ల నాన్నతో మాట్లాడి వచ్చి, ‘ఎందుకు రాలేదని అడుగుతున్నాడు మామా. ఏం చెప్పను?’ అన్నాడు. చెప్పడానికి నిజంగానే ఏమీ లేదు. మేం రోజంతా చేసే పని ప్రోగ్రామ్ ఎందుకు ఆగిందో కనిపెట్టడం. లాగ్ చూస్తాం, లైన్ నంబర్ చూస్తాం, ఎక్కడ తేడా ఉందో వెతుకుతాం. లాటరీకి లాగ్ ఉండదు. ఒకే ఇన్‌పుట్ ఇచ్చిన ఇద్దరిలో ఒకడు ఉంటాడు, ఒకడు పోతాడు. అంతే.

వెళ్లేలోపు ఆఖరి బ్యాచ్ ఒకటి కాద్దామని వాడే అన్నాడు. బీరుకు ఈస్ట్ పని చేయడానికి రెండు వారాలు, సీసాల్లో గ్యాస్ పట్టడానికి ఇంకో రెండు వారాలు. లెక్కేస్తే వీడ్కోలు పార్టీకి సరిపోతుంది.

1.038

మేం కాచే పద్ధతి ఇది. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే అదే మాల్ట్. మన ఇళ్లలో చంటిపిల్లలకు రాగులు మొలకెత్తించి చేసే పిండి వరస ఇదే, ధాన్యం ఒక్కటే వేరు. మొలకెత్తే గింజలో పిండిపదార్థాన్ని తీపిగా మార్చే ఎంజైములు పుడతాయి. ఆ గింజను మరలో పగలగొట్టి, 65 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే ఎంజైములు పని చేసి నీళ్లు తియ్యబడతాయి. దాన్ని వడగట్టి, గింజను మళ్లీ వేణ్నీళ్లతో కడిగి, ఆ నీళ్లన్నీ కలిపి హాప్స్ వేసి గంట కాచి, చల్లార్చి ఈస్ట్ వేయాలి. చెట్టు మీది కల్లుకు ఈ గొడవ లేదు. నీరా దిగేటప్పుడే తీపి. బార్లీలో ఉన్నది పిండి, దాన్ని తీపి చేసే పూచీ మనది.

మా రెసిపీకి పది పౌండ్ల మాల్ట్, అంటే నాలుగున్నర కిలోలు. చివరికి ఐదు గ్యాలన్లు, అంటే 19 లీటర్లు రావాలి. ఒక పౌండు మాల్ట్‌లో ఉన్న తీపినంతా ఒక గ్యాలన్ నీళ్లలోకి లాగగలిగితే 37 పాయింట్లు వస్తాయని లెక్క. పది పౌండ్లకు 370. ఇంటి వంటలో అంతా రాదు. మాకు 70 శాతం వస్తుంది. అంటే 259 పాయింట్లు. ఐదు గ్యాలన్లకు పంచితే దాదాపు 52. అదే 1.052. అంతకుముందు రెండుసార్లు ఇదే రెసిపీ కాచినప్పుడు ఒకసారి 1.052, ఒకసారి 1.051.

ఆ శనివారం సాయంత్రం హైడ్రోమీటర్ 1.038 దగ్గర ఆగింది.

వాడు వేలితో తిప్పి, బుడగలు పోయేదాకా ఆగి మళ్లీ చూశాడు. 1.038. సోఫాలో కూలబడ్డాడు. ‘నా టైమే ఇంతలే మామా’ అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. లాటరీ విషయంలో అంటే ఊరుకునేవాణ్ని. కానీ ఇది బీరు. పది పౌండ్లు వేస్తే రావాల్సింది వచ్చి తీరాలి. రాలేదంటే ఆ పద్నాలుగు పాయింట్లు ఎక్కడో ఉన్నాయి. ‘లే, వెతుకుదాం’ అన్నాను.

అనుమానితులు

వెతకడానికి ఒక వరస ఉంది. సులభంగా తేలిపోయేవి ముందు, కష్టమైనవి తర్వాత. మీలో ఎవరైనా బయటి దేశాల్లో ఈ పిచ్చిలో ఉంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

మొదటి అనుమానం కొలిచేదాని మీదే. హైడ్రోమీటర్‌లో అంకెల కాగితం ఒక్కోసారి లోపల జారుతుంది. దాని మీద రాసున్న వేడి దగ్గర, కొన్నిటికి 60 ఫారన్‌హీట్, కొన్నిటికి 68, మామూలు నీళ్లలో ముంచితే 1.000 చూపించాలి. మాది చూపించింది. తర్వాత, కొలిచిన ద్రవం వేడి. వేడి ద్రవం పల్చగా ఉంటుంది కాబట్టి రీడింగ్ తగ్గుతుంది. వంద ఫారన్‌హీట్ దగ్గర కొలిస్తే ఐదారు పాయింట్లు దానికే పోతాయి. మాది గది వేడికి వచ్చాకే తీసిన రీడింగ్. కాబట్టి అది కాదు.

రెండోది నీళ్ల కొలత. చాలామంది దొంగ ఇక్కడే దొరుకుతాడు. మా 259 పాయింట్లే ఆరు గ్యాలన్లలో పంచితే 1.043 వస్తుంది. తీపి ఎక్కడికీ పోలేదు, పల్చబడింది అంతే. ఇంకాసేపు కాస్తే సరిపోతుంది. డబ్బాల మీద అచ్చు వేసిన గీతల్ని నమ్మకూడదు. మేం అంతకుముందే కొలత జగ్గుతో నీళ్లు పోసి మా సొంత గీతలు గీసుకున్నాం. సరిగ్గా ఐదు గ్యాలన్లే ఉంది.

మూడోది కలవకపోవడం. గింజతో కాకుండా మాల్ట్ పొడి, మాల్ట్ పాకం డబ్బాలతో కాచేవాళ్లకు ఇది ముఖ్యం. వాళ్లు చిక్కగా కాచి, పైన చన్నీళ్లు పోసి నింపుతారు. పాకం అడుగున, నీళ్లు పైన ఉండిపోతాయి. పైనుంచి తీస్తే తక్కువ, అడుగునుంచి తీస్తే ఎక్కువ. నిజానికి వాళ్లు బెంగపడక్కర్లేదు. ఒక పౌండు మాల్ట్ పొడి ఒక గ్యాలన్‌లో 44 పాయింట్లు ఇచ్చి తీరుతుంది. తూకం, నీళ్ల కొలత సరిగ్గా ఉంటే, హైడ్రోమీటర్ ఏం చెప్పినా లెక్కనే నమ్మొచ్చు. మాది మొత్తం కాచిన నీళ్లే. అయినా గరిటెతో బాగా కలిపి రెండోసారి తీశాం. 1.038.

నాలుగోది థర్మామీటర్. అది తప్పు చెప్తుంటే మనం 66 అనుకున్నది 60 కావచ్చు, 75 కావచ్చు. మొదటిదైతే పని నెమ్మదిస్తుంది, రెండోదైతే ఎంజైములు మాడిపోతాయి. ఐసు కలిపిన నీళ్లలో సున్నా, మరిగే నీళ్లలో వంద చూపించాలి. పోర్ట్‌ల్యాండ్ ప్రాంతం సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి ఆ వంద మీద సందేహం అక్కర్లేదు. మాది రెండు చోట్లా సరిగ్గానే ఉంది.

ఐదోది నీళ్ల గుణం. నానే గింజ పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్యలో ఉంటే ఎంజైములు హాయిగా పనిచేస్తాయి. పోర్ట్‌ల్యాండ్‌కు బుల్ రన్ అనే అడవి నీళ్లు వస్తాయి. అవి చాలా మెత్తటి నీళ్లు, ఖనిజాలు దాదాపు ఉండవు. లేత రంగు మాల్ట్‌కు అలాంటి నీళ్లతో పీహెచ్ కాస్త పైకి పోతుంది. అందుకని మేం జిప్సం కొంచెం వేస్తాం. ఆ రోజూ వేశాం. కాగితం పట్టీతో చూస్తే 5.4 దగ్గర ఉందని నోటుబుక్కులో రాసి ఉంది.

ఆరోది కడగడం. కిలో గింజ దాదాపు లీటరు నీళ్లు తాగి తనలోనే పెట్టుకుంటుంది. సరిగ్గా కడగకపోతే అందులో తీపి ఉండిపోతుంది. బకెట్‌లో తీసిపెట్టిన పిప్పిని పిండి ఆ నీళ్లు నాలుక మీద వేసుకుని చూశాం. చప్పగా ఉన్నాయి. అంటే నీళ్లలోకి వచ్చిన తీపిని మేం తీసేసుకున్నాం. అసలు తీపే తక్కువ పుట్టింది.

వాడు ఈపాటికి సోఫా దిగి నా పక్కన కూర్చున్నాడు. కాగితం మీద ఆరు పేర్లు, ఆరింటికీ కొట్టివేతలు. చాలా రోజుల తర్వాత వాడి మొహంలో పాత వాడు కనిపించాడు.

మూడు దారులు

ఈలోగా ఈస్ట్ వేయాల్సిన టైమ్ అయింది. చల్లారిన తీపినీళ్లను ఎక్కువసేపు ఉత్తినే పెట్టకూడదు, బయటి సూక్ష్మజీవులు దిగుతాయి. నంబర్ పెంచడానికి మూడు దారులున్నాయి.

ఒకటి, మాల్ట్ పొడి కలపడం. తగ్గిన 14 పాయింట్లు ఐదు గ్యాలన్లకు 70. దాన్ని 44తో భాగిస్తే పౌండున్నర పైచిలుకు, అంటే 700 గ్రాములు దాటి. కొంచెం నీళ్లలో కాచి కలిపేస్తే 1.052 వచ్చేస్తుంది. రెండు, మళ్లీ పొయ్యి మీద పెట్టి ఇంకించడం. మా దగ్గరున్న 190 పాయింట్లకు 52 రావాలంటే ఐదు గ్యాలన్లను దాదాపు మూడున్నరకు తేవాలి. అంటే పదిహేను సీసాలు ఆవిరి. పైగా హాప్స్ అప్పటికే పడ్డాయి కాబట్టి చేదు కూడా చిక్కబడుతుంది. మూడు, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడం.

పంచదార కలపొచ్చుగా అంటారేమో. కలపొచ్చు. ఈస్ట్ దాన్ని మొత్తం తినేస్తుంది కాబట్టి ఆల్కహాల్ పెరుగుతుంది గానీ బీరు నీళ్లనీళ్లగా ఉంటుంది.

మాల్ట్ పొడి అలమరాలో ఉంది. నేను తీయబోయాను. వాడు వద్దన్నాడు.

‘అది కలిపితే నంబర్ సరిపోద్ది మామా. అంతటితో మనం వెతకడం కూడా ఆపేస్తాం. ఎందుకు తగ్గిందో నాకు తెలియాలి’ అన్నాడు.

అప్పుడు వాడు బీరు గురించే మాట్లాడుతున్నాడా అని నాకు అనుమానం వచ్చింది. అడగలేదు. 1.038 మీదే ఈస్ట్ వేశాం. నోటుబుక్కులో ఆ నంబర్ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

గిర్ని

ప్రతి శనివారం రాత్రి మా అమ్మ వీడియో కాల్ చేస్తుంది. అక్కడ ఆదివారం పొద్దున. బీరు సంగతి ఆమెకు తెలుసు. కల్లు తెలియని ఊరు కాదు మాది కాబట్టి పెద్ద గొడవేం చేయలేదు. ‘ఎక్కువ తాగకుండ్రి’ అంటుంది, అంతే.

వాడు బాల్కనీలో పిప్పి బకెట్ సర్దుతుంటే కెమెరా అటు తిరిగింది.

‘ఏందిరా అది?’

‘బార్లీ అమ్మా. కాచినంక మిగిలింది.’

‘దగ్గరికి వెట్టు, చూద్దాం.’

వాడు గుప్పెడు తీసి ఫోన్ ముందు పెట్టాడు. అమ్మ కళ్లద్దాలు సవరించుకుంది.

‘గిర్నిల పట్టిచ్చిండ్రా దీన్ని?’

‘దుకాణంలనే పట్టిచ్చిస్తరమ్మా.’

‘ఏం పట్టుడో! గింజలు గింజల లెక్కనే ఉన్నయ్ గదరా. పట్టిచ్చేటప్పుడు రెండు ఏళ్ల నడుమ రుద్ది చూస్కోవాలె బిడ్డా. రాళ్లు దూరం జరిగినయనుకో, ఇట్లనే పడ్తది.’

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా కాగితం మీద ఏడో పేరు అదే. మర.

దుకాణాల్లో మాల్ట్ పట్టే మరలో రెండు ఇనుప రోలర్లుంటాయి. వాటి మధ్య సందు ఇంచుమించు ఒక మిల్లీమీటరు ఉండాలి. గింజ రెండు మూడు ముక్కలవ్వాలి గానీ పిండి కాకూడదు. పొట్టు వీలైనంత చెక్కుచెదరకుండా ఉండాలి, ఎందుకంటే వడగట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడ. మరీ మెత్తగా పడితే అంతా ముద్దగట్టి నీళ్లు దిగవు. సందు పెరిగితే సన్నగింజలు పగలకుండానే జారిపోతాయి. పగలని గింజలోకి గంటలో నీళ్లు పూర్తిగా పోవు, ఎంజైములు చేరవు. లోపలి పిండి లోపలే ఉండిపోతుంది.

రుజువు కావాలి కదా. మందుల డబ్బాలో అయోడిన్ ఉంది. పిండిపదార్థం మీద అయోడిన్ పడితే నల్లని నీలమవుతుందని తొమ్మిదో తరగతిలో చేసిన ప్రయోగమే. పిప్పిలోంచి పగలని గింజ తీసి గోటితో చీల్చి, లోపలి తెల్లటి పప్పు మీద చుక్క వేశాం. క్షణంలో సిరా రంగు. బాగా పగిలిన గింజ లోపల వేస్తే అయోడిన్ రంగే, మార్పు లేదు. పొట్టు మీద వేసి చూడకూడదు, అది ఎప్పుడైనా నల్లబడుతుంది.

తర్వాత వాడు వార్తాపత్రిక పరిచి వంద గింజలు ఏరాడు. అందులో 31 పగల్లేదు. మాకు తగ్గింది 52లో 14, అంటే 27 శాతం. పిప్పిలో ముక్కల్ని గింజలుగా లెక్కపెట్టడం కచ్చితమైన పనేం కాదు. అయినా రెండు నంబర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టేంత దగ్గర్లో ఉన్నాయి.

రాత్రి పదకొండయింది. పద్నాలుగు పాయింట్లు బాల్కనీలో బకెట్‌లో ఉన్నాయి. వాడు నోటుబుక్ తీసి ప్రశ్నార్థకం కొట్టేసి ‘మర’ అని రాశాడు.

‘మీ అమ్మకు థాంక్స్ చెప్పు మామా’ అన్నాడు. గొంతు కొంచెం వణికింది. ‘కారణం ఉంటే ఎంత హాయిగా ఉందో చూడు.’

రెండో శనివారం

మర్నాడు దుకాణానికి వెళ్లాం. అక్కడి పెద్దాయనకు పిప్పి డబ్బా చూపించి విషయం చెప్తే ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఫీలర్ గేజ్ తెచ్చి సందు కొలిచాడు. ఒకటిన్నర మిల్లీమీటరు దాటి ఉంది. రోలర్‌ను పట్టి ఉంచే మర వదులైంది. ఆ వారం పట్టించుకున్నవాళ్లలో ఇంకో ఇద్దరు కూడా ఫోన్ చేశారని, వాళ్లు ఈస్ట్ మీద అనుమానపడ్డారని చెప్పాడు. ఈస్ట్‌కు ఒరిజినల్ గ్రావిటీతో సంబంధమే లేదు, అది దిగకముందే తీసే రీడింగ్ కదా. మర బిగించి, పది పౌండ్లు మళ్లీ తూచి, పట్టి, డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు.

గేజ్ లేనివాళ్లకు ఒక చిట్కా కూడా చెప్పాడు. బ్యాంకు కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. రోలర్ల మధ్య అది కాస్త సులువుగా దూరాలి, కానీ వదులుగా ఊగకూడదు. అంతకంటే నమ్మకమైనది గుప్పెడు చేతిలోకి తీసుకుని చూడటం. మా అమ్మ చెప్పిందే, ఇంగ్లీషులో.

తర్వాతి శనివారం మిగతావన్నీ అలాగే ఉంచి కాచాం. అదే నీళ్లు, అదే వేడి, అదే గంట. మారింది ఒక్క మరే. కాచడానికి ముందే ఒక రీడింగ్ కూడా తీశాం. ఆరున్నర గ్యాలన్ల దగ్గర 1.039. ఆరున్నరను 39తో గుణిస్తే 253. అది ఐదుకు ఇంకితే 51. చల్లార్చి చూస్తే సరిగ్గా 1.051. ఈ ముందు రీడింగ్ మంచి అలవాటు. తగ్గితే సర్దుకోవడానికి ఇంకా గంట చేతిలో ఉంటుంది.

పార్టీకి రెండు బీర్లూ పెట్టాం. మొదటిది 1.009 దగ్గర ఆగింది కాబట్టి 3.8 శాతం. హాప్స్ 1.052కు సరిపడా వేసినవి కాబట్టి చేదు కాస్త ముందుకొచ్చింది. కాకరకాయ వేపుడు ఇష్టంగా తినేవాళ్లకు పర్లేదు. ఇంగ్లండ్‌లో మామూలు బిటర్ అని రోజూ తాగేది ఈ గ్రావిటీ దగ్గరే ఉంటుంది. నంబర్ తగ్గినంత మాత్రాన బీరు చెడిపోయినట్టు కాదు, అనుకున్న బీరు కాదు, అంతే. ఆ రోజు ఎండ మండిపోతోంది. ముందు ఖాళీ అయినవి ఆ సీసాలే. ‘ఇది ఏ రెసిపీ?’ అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మావాడు నవ్వి, ‘మళ్లీ రాదులే’ అన్నాడు.

ఆగస్టు మొదటివారంలో వాడు వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టుకు దారిలో వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. మళ్లీ అదే ప్రశ్న అడిగినట్టున్నాడు. ఈసారి వాడు నెమ్మదిగా చెప్పాడు. ‘నాన్నా, అది లాటరీ. దాంట్లో నా తప్పు లేదు, ఇంకెవరి తప్పూ లేదు. వెతకొద్దు.’ అవతల కాసేపు మాట లేదు. తర్వాత ‘సరే, జాగ్రత్తగా రా’ అన్నారాయన. నాకు వినపడింది.

అప్పుడు నాకు అర్థమైంది, వాడు ఆ శనివారం బకెట్ దగ్గర ఎందుకంత పట్టుదలగా కూర్చున్నాడో. కారణం ఉన్నదాన్ని చివరిదాకా వెతికితేనే, కారణం లేనిదాన్ని వదిలేయడం సాధ్యమవుతుందేమో. రెండిటినీ కలిపేసి ‘నా టైమే ఇంత’ అనుకుంటే, పగలని గింజా దొరకదు, పోయిన నిద్రా రాదు.

ఇప్పుడు వాడు బెంగళూరులో ఉన్నాడు. మంచి ఉద్యోగమే. బీరు కాచడం లేదు. నేను మాత్రం నెలకోసారి కాస్తున్నా, ఒక్కణ్నే. దుకాణంలో మర తిరుగుతుండగానే కింద చెయ్యి పెట్టి గుప్పెడు పట్టుకుంటా. పెద్దాయన నవ్వుతాడు. పోయిన వారం 1.052 వచ్చింది. ఫొటో తీసి వాడికి పంపించా.

‘గింజ చూశావా?’ అని అడిగాడు.

చూశా.